జాతీయ నివేదికలో గుంటూరుకు మూడు వాక్యాలు

వాతావరణ మార్పు మీద జాతీయ స్థాయి మదింపు నివేదిక రాస్తున్న బృందంలో నేనూ ఉన్నానని తెలిసినప్పటి నుంచి గుంటూరులో ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "మన గురించి ఏం రాశారు మేడమ్?" మూడు వాక్యాలు రాశాం. ప్రస్తుతానికి అంతే. అవైనా చివరిదాకా నిలుస్తాయని చెప్పలేను. మూడే ఎందుకో చెప్పాలంటే ఈ పని ఎలా సాగుతుందో మొదటి నుంచీ చెప్పాలి.

నివేదిక ఇంకా ముసాయిదా దశలోనే ఉంది. ప్రతి పేజీకీ అడ్డంగా "ఉటంకించరాదు, ఇతరులకు పంపరాదు" అని వాటర్‌మార్క్ ఉంటుంది. కాబట్టి అందులోని వాక్యాలు గానీ, తోటి రచయితల పేర్లు గానీ ఇక్కడ రాయను. పని జరిగిన తీరు చెప్పడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు.

శాస్త్రవేత్తలంతా ఒకచోట చేరి కొత్త పరిశోధన చేస్తారని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ ఉండదు. అప్పటికే అచ్చయిన పరిశోధనలు చదవాలి. ఏది నిలుస్తుంది, ఏది నిలవదు, దేని మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు అనేది తేల్చాలి. కొత్త లెక్క కట్టడం దాదాపు ఉండదు. చదవడం, వాదించుకోవడం, రాసింది కొట్టేసి మళ్ళీ రాయడం, ఇదే పని.

మన దేశంలో ఇలాంటి ప్రయత్నాలు ముందూ జరిగాయి. 2009లో కేంద్ర పర్యావరణ శాఖ 120కి పైగా సంస్థలను, 220 మందికి పైగా శాస్త్రవేత్తలను ఒక నెట్‌వర్క్‌గా కలిపింది. వాళ్ళు 2010 నవంబరులో ఇచ్చిన నివేదిక హిమాలయాలు, పశ్చిమ కనుమలు, తీరప్రాంతం, ఈశాన్యం అనే నాలుగు ప్రాంతాలను తీసుకుని, ఒక్కోచోట వ్యవసాయం, నీరు, అడవులు-జీవవైవిధ్యం, ఆరోగ్యం 2030ల నాటికి ఎలా ఉంటాయో అంచనా వేసింది. పదేళ్ళ తర్వాత, 2020లో, భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ తరఫున పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తలు భారత ప్రాంత వాతావరణ మార్పు మీద పన్నెండు అధ్యాయాల నివేదిక తెచ్చారు. 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగిందన్న లెక్క దానిలోదే. ఉద్గారాలకు పగ్గం వేయకపోతే ఈ శతాబ్దం చివరికి, 1976-2005 సగటుతో పోలిస్తే, దాదాపు 4.4 డిగ్రీలు పెరగవచ్చన్నదీ దానిలోదే. ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993-2017 మధ్య ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని కూడా అందులో ఉంది.

అదే నివేదికలో వర్షాల సంగతి చూడండి. 1951-2015 మధ్య నైరుతి వర్షపాతం సుమారు 6 శాతం తగ్గిందని, ఆ తగ్గుదల ముఖ్యంగా గంగా మైదానంలో, పశ్చిమ కనుమల్లో కనిపిస్తుందని రాశారు. ఒక్క రోజులో 150 మిల్లీమీటర్లు దాటే కుండపోతలు 1950-2015 మధ్య దాదాపు 75 శాతం పెరిగాయన్నారు, అది మధ్య భారతానికి. కృష్ణా డెల్టాలో కూర్చుని చదివేవాడికి ఇందులో తన చేను ఎక్కడుందో దొరకదు. అది ఆ రచయితల తప్పు కాదు. దేశం మొత్తానికి రాసేటప్పుడు, బలమైన సంకేతం ఎక్కడుంటే అక్కడి గురించే రాస్తారు. నన్ను ఈ బృందంలోకి పిలిచినప్పుడు ఒప్పుకోవడానికి సగం కారణం ఇదే.

పిలుపు మెయిల్లో వచ్చింది. ఎవరో నా పేరు సూచించారు. బయోడేటా పంపాను, ఏ ఎరువుల కంపెనీతోనూ విత్తన కంపెనీతోనూ లావాదేవీలు లేవని ఒక ఫారం మీద సంతకం పెట్టాను. పంటల అధ్యాయానికి సహాయ రచయితగా తీసుకున్నారు. జీతం, గౌరవ వేతనం లాంటివేమీ ఉండవు, మీటింగులకు ప్రయాణ ఖర్చులు ఇస్తారు. మా ఆయన కొన్నాళ్ళు ఊరుకుని, ఒకరోజు రాత్రి అడగనే అడిగారు: "ఇంత పొద్దుపోయేదాకా కూర్చుంటున్నావు, కనీసం పుస్తకం మీద పేరైనా వేస్తారా?" వేస్తారు. అధ్యాయం మొదట్లో, చిన్న అక్షరాల్లో.

మా అధ్యాయం జట్టులో పుణె నుంచి కంప్యూటర్లో వాతావరణ నమూనాలు నడిపే ఆయన, రూర్కీ నుంచి నీటి వనరుల ఆవిడ, ఢిల్లీ నుంచి ఒక వ్యవసాయ ఆర్థికవేత్త, హైదరాబాద్ నుంచి మెట్ట సేద్యం మీద పనిచేసే అబ్బాయి, ఇంకా కొందరు ఉన్నారు. హైదరాబాద్ అబ్బాయి బాపట్ల వ్యవసాయ కళాశాలలో నాకు జూనియర్. ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాడు. ఆన్‌లైన్ మీటింగులో ఇంగ్లీషులో మర్యాదగా విభేదించి, ఆ తర్వాత ఫోన్ చేసి "అక్కా, అదేం వాదన అక్కా" అని మొదలుపెడతాడు. నిజం చెప్పాలంటే అధ్యాయంలో సగం విషయాలు ఆ ఫోన్లలోనే తేలాయి.

మొదట్లో పని తేలిగ్గానే అనిపించింది. ఎవరి పంట వాళ్ళు పంచుకున్నాం. నాకు తీరాంధ్ర వరి, మిర్చి, పత్తి, అపరాలు వచ్చాయి. వరి మీద చదవడానికి కొదవ లేదు. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే తాలు గింజ ఎక్కువవుతుందని ఎన్నో ప్రయోగాలు చెప్పాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన క్షేత్రంలో 1979 నుంచి 2003 దాకా తీసిన లెక్కలు 2004లో అచ్చయ్యాయి. ఎండాకాలం పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గిందని ఆ పత్రం చెబుతుంది. ప్రపంచంలో వరి గురించి ఎవరు రాసినా దాన్ని ప్రస్తావిస్తారు. మన దాళ్వాకు, అంటే రబీ వరికి, అది ఎంతవరకు వర్తిస్తుందనేది వేరే చర్చ. ఏదేమైనా వాదించడానికి సరుకు ఉంది.

మిర్చి దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు.

ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు అని చెప్పుకునే ఊరు మాది. జనవరి నుంచి మే దాకా ఊళ్ళోకి వచ్చే రోడ్ల మీద టిక్కీల (మిర్చి బస్తాల) లారీలే. ఆ పంట మీద, ఈ నేలల్లో, వాతావరణ మార్పు ప్రభావం ఏమిటని వెతికితే అచ్చయిన పత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వాటిలోనూ కొన్ని గ్రీన్‌హౌస్ కుండీల్లో చేసిన ప్రయోగాలు. గోధుమ మీద, వరి మీద ఉన్నన్ని నమూనాలు మిర్చికి లేవు. ఆహార ధాన్యం కాదు, ప్రపంచ ఆకలి లెక్కలో దానికి చోటు లేదు, నిధులూ రావు. మదింపులో ఆధారం అంటే అచ్చయిన ఆధారం. యార్డులో ముప్పై ఏళ్ళుగా కమీషన్ వ్యాపారం చేస్తున్న పెద్దాయనకు ఏ ఏడు తాలు కాయ ఎక్కువొచ్చిందో, ఎందుకొచ్చిందో నోటికి వచ్చు. ఆయన మాటను అధ్యాయంలో పెట్టలేను.

దారి ఒకటుంది. జర్నల్లో రాకపోయినా సంస్థల వార్షిక నివేదికలు, క్షేత్రాల రికార్డులు వాడుకోవచ్చు. సమీక్షకుడు అడిగితే చూపించగలగాలి, దాని నాణ్యతకు మనం పూచీ పడాలి, అంతే. వాతావరణ మార్పు మీద ప్రపంచ స్థాయి మదింపులు చేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ కూడా దీన్ని ఒప్పుకుంటుంది. అలా నేను పాత రిజిస్టర్ల వేటలో పడ్డాను.

ఈ చుట్టుపక్కల ఒక పాత పరిశోధనా క్షేత్రంలో బీరువా నిండా వాతావరణ రిజిస్టర్లు దొరికాయి. వర్షం, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు, తేమ, గాలి, ఆవిరి పళ్ళెం కొలతలు, అన్నీ చేత్తో రాసినవి. కొన్ని అట్టలకు చెదలు పట్టాయి. కొన్నేళ్ళవి అసలు లేవు. ఉన్నవాటిని మా ఎమ్మెస్సీ విద్యార్థులు ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఎక్కించడం మొదలుపెట్టారు. అక్కడే అసలు చిక్కులు బయటపడ్డాయి.

మొదటి చిక్కు తేదీ. వాతావరణ శాఖ లెక్కలో సెప్టెంబరు 1 వర్షం అంటే ఆగస్టు 31 ఉదయం 8.30 నుంచి సెప్టెంబరు 1 ఉదయం 8.30 దాకా పడింది. రిజిస్టరు రాసిన కొందరు దాన్ని కొలిచిన రోజు కింద వేశారు, కొందరు వాన పడిన రోజు కింద వేశారు. మనిషి మారినప్పుడల్లా పద్ధతి మారింది. నెల మొత్తం వర్షానికి దీనితో పెద్ద తేడా రాదు. కుండపోత ఏ రోజు పడింది, మర్నాడు కాలువలో నీరెంత వచ్చింది అని పక్కపక్కన పెట్టి చూడాలంటే మాత్రం ఒక్క రోజు తేడా మొత్తం పాడుచేస్తుంది. పక్క స్టేషన్లతో పోల్చి ఏ ఏడు ఏ పద్ధతో తేల్చుకోవాల్సి వచ్చింది.

రెండోది చోటు. థర్మామీటర్లు పెట్టే తెల్ల చెక్కపెట్టె, స్టీవెన్‌సన్ స్క్రీన్, నేల నుంచి సుమారు మీటరుంబావు ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీ ఉన్నచోట ఉండాలి. నలభై ఏళ్ళలో ఖాళీ ఎక్కడ ఉంటుంది? పక్కన గోడౌను వచ్చింది, సిమెంటు రోడ్డు వచ్చింది, పెట్టెను కొంత దూరం జరిపారు. సిమెంటు పగలు పీల్చిన వేడిని రాత్రి వదులుతుంది. అందువల్ల రిజిస్టర్లో రాత్రి ఉష్ణోగ్రత పెరిగిందని కనిపిస్తే, అది భూగోళం వేడెక్కడమా, గోడౌను పుణ్యమా అని తేల్చాలి. ఈ ప్రశ్న తర్వాత నా మెడకు బాగానే చుట్టుకుంది.

పుణె ఆయనకు ఈ గొడవంతా ఎందుకో మొదట అర్థం కాలేదు. వాతావరణ శాఖ (ఐఎండీ) గ్రిడ్ వర్షపాతం ఉందిగా అన్నాడు. ఉంది. 1901 నుంచి రోజువారీ లెక్క, దేశమంతా 0.25 డిగ్రీల గళ్ళు, ఒక్కో గడి వైపు సుమారు 27 కిలోమీటర్లు. దేశం స్థాయిలో దానికి మించిన సాధనం లేదు. కానీ గడిలో ఉండేది సగటు. మైలవరం కొండల మీద పడిన కుండపోత, దాని పక్కన జల్లుతో సరిపెట్టుకున్న ఊరు, ఆ సగటులో కలిసిపోతాయి. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలూపి ఊరుకునేవాడు. రచయితల సమావేశం ఒకటి విజయవాడలో పెట్టించడం నాకు కలిసొచ్చింది.

వేరే చోట హాలు దొరక్క ఏప్రిల్ చివర్లో ఇక్కడికి మార్చారు. బందరు రోడ్డు హోటల్లో ఏసీ హాలు. భోజనానికి బయటికి వెళ్దామన్న రూర్కీ ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఆ రోజు 41 డిగ్రీలు, దానికి తోడు ఉక్కపోత. "ఇది వడగాడ్పేనా?" అని అడిగింది. లెక్క ప్రకారం కాదు. మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు దాటాలి, పైగా మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేదంటే ఏకంగా 45 దాటాలి. బెజవాడలో వేసవి మామూలే నలభైకి అటూ ఇటూ. అంచేత 41 డిగ్రీల్లో, గాలిలో తేమతో, చెమట ఆరక జనం అల్లాడుతున్నా అది వడగాడ్పు రోజుల జాబితాలోకి ఎక్కదు. వాతావరణ శాఖ వేడి-ఉక్కపోత హెచ్చరికలు విడిగా ఇస్తుంది, కాదనను. దీర్ఘకాల ధోరణులు లెక్కగట్టే పత్రాలు మాత్రం ఎక్కువగా వడగాడ్పు రోజులనే లెక్కపెడతాయి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. అలాంటి చోట వేడిని ఒక్క థర్మామీటరుతోనే కొలుస్తామా అన్న చర్చ ఆ మధ్యాహ్నమంతా నడిచింది. చివరికి ఆరోగ్యం అధ్యాయం వాళ్ళకు ఒక నోట్ రాసి పంపాం, తేమను కలిపి లెక్కించిన పత్రాలకు విడిగా ఒక పేరా ఇవ్వమని. ఇచ్చారు.

సాయంత్రం ఎండ తగ్గాక అందరినీ సింగ్ నగర్ తీసుకెళ్ళాం. 2024 సెప్టెంబరు వరద గీత కొన్ని ఇళ్ళ గోడల మీద అప్పటికీ కనిపిస్తోంది. దానికీ మా నివేదికకూ సంబంధం ఉంది. కుండపోతల గురించి అధ్యాయంలో గీతల మధ్య విడిగా ఇచ్చే పెట్టెలో ఉదాహరణగా విజయవాడ వరదను పెట్టాలని మొదటి ముసాయిదాలో రాశారు. చదవగానే నాకు ఇబ్బందిగా అనిపించింది. వాన భారీగా పడిన మాట నిజమే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు, కుండపోతలు ముదరడానికి అది గట్టి కారణం. కానీ ఆ వరదలో వాన ఒక్కటే లేదు. ఊరి పక్కన పారే బుడమేరు అనే ఏరును బెజవాడ దుఃఖదాయని అని ఊరికే అనలేదు. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి దాని నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువ ఉంది. ఆ కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. నదే నిండుగా ఉంటే కాలువ నీటిని ఎలా తీసుకుంటుంది? వాటికి తోడు దశాబ్దాలుగా ఏరును ఇరుకు చేస్తూ వచ్చిన కట్టడాలు. ఇవన్నీ వదిలేసి "వాతావరణ మార్పు వల్ల విజయవాడ మునిగింది" అని రాస్తే, ఏరును ఆక్రమించినవాడికి మేం సర్టిఫికెట్ ఇచ్చినట్టే.

సింగ్ నగర్‌లో ఒక పెద్దావిడ మేం గోడలు చూస్తుంటే బయటికి వచ్చింది. సర్వే వాళ్ళమనుకుంది. సంగతి చెప్పాక, "మరి ఇంకోసారి వస్తదా బాబూ, రాదా? అది చెప్పండి చాలు" అంది. పుణె ఆయన ఏమన్నదని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, అంత వాన మళ్ళీ పడే అవకాశం పెరుగుతోందని చెప్పమన్నాడు, మునిగేదీ లేనిదీ కట్ట మీద ఆధారపడి ఉంటుందని కూడా. తెలుగులో చెప్పాను. "కట్ట సంగతి మాకు తెలుసులే" అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత పెట్టెలో ఆ ఉదాహరణ ఉంది, మాటలు మారాయి. వాన గురించి ఒక వాక్యం, కట్టలూ ఆక్రమణలూ గురించి ఒక వాక్యం. ఏ వాక్యం ముందు రావాలనే దాని మీదే రెండు మీటింగులు గడిచాయి. పెద్ద కుటుంబంలో పెళ్ళి శుభలేఖ రాసినట్టే, ఒకరి మాట పెడితే ఇంకొకరికి చోటు తగ్గుతుంది.

మిర్చికి వస్తాను. 2021-22లో గుంటూరు మిర్చిని నల్ల తామర పురుగు ఊడ్చేసింది. పూతలో దూరి రసం పీల్చేస్తే కాయ కట్టదు. వేలాది ఎకరాల్లో రైతులు చేలు దున్నేశారు. అది వాతావరణ మార్పు వల్లే వచ్చిందని పత్రికల్లో, సభల్లో విన్నాం. మా అధ్యాయంలో పెట్టమని కూడా ఒకరు సూచించారు. నేనే వద్దన్నాను. అది ఆగ్నేయాసియా పురుగు. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు. బయటి నుంచి వచ్చింది, శత్రువులు లేరు, మందులకు లొంగలేదు, విస్తారంగా ఒకే పంట దొరికింది. ఆ ఏడు వాతావరణం దానికి తోడ్పడి ఉండొచ్చు. కానీ దీర్ఘకాలపు వేడిమికీ ఆ ఉధృతికీ లంకె చూపించే ఆధారం నా చేతిలో లేదు. ఈ మాట ఒక రైతు సమావేశంలో చెబితే ఒకాయన నా మీద విసుక్కున్నాడు: "ఏదైనా వాతావరణమే అంటారు కదమ్మా, మా పురుక్కి వచ్చేసరికి కాదంటున్నారేం?" ఆయన కోపం న్యాయమైనదే. నష్టానికి ఏదో ఒక పేరు ఉంటే పరిహారం అడగడానికి ఆధారం దొరుకుతుంది.

మిర్చి మీద నిజంగా చెప్పదగ్గది వేడి కంటే వాన గురించి. ఇక్కడ మిర్చి ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య నాటుతారు, చలికాలంలో పూత కాత. కాబట్టి మే నెల ఎండలతో దానికి పని తక్కువ. దెబ్బతీసేది అక్టోబరు, నవంబరుల్లో చేలో నిలిచే నీళ్ళు, డిసెంబరు తుపానులు, కల్లాల్లో కాయ ఎండుతున్నప్పుడు పడే అకాల వర్షం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోత వరి, మిర్చి రెండూ నీళ్ళలో ఉన్నాయి. కల్లంలో తడిసిన కాయ రంగు పోతుంది, తాలు అవుతుంది, యార్డులో రేటు పడిపోతుంది. ఈ నష్టం దిగుబడి లెక్కల్లో కనిపించదు, ఎందుకంటే కాయ పండింది, తూకం వచ్చింది. పడిపోయింది ధర. ఢిల్లీ ఆర్థికవేత్త ఈ మాట పట్టుకున్నాడు. యార్డు ధరల వివరాలు, వర్షం రోజులు కలిపి చూడొచ్చన్నాడు. చూడొచ్చు, కానీ అది కొత్త పరిశోధన అవుతుంది. నివేదికలో పెట్టాలంటే ముందు ఎక్కడైనా అచ్చవ్వాలి. ఇప్పుడు ఆయనా నేనూ ఆ పత్రం విడిగా రాస్తున్నాం. ఈ నివేదికకు అందదు.

ఆపై సమీక్ష. ముసాయిదాను బయటి నిపుణులకు పంపుతారు. వాళ్ళు పేజీ సంఖ్య, పంక్తి సంఖ్య వేసి వ్యాఖ్యలు రాస్తారు. ప్రతి వ్యాఖ్యకూ మేం జవాబు ఇవ్వాలి: ఒప్పుకున్నాం, కొంత ఒప్పుకున్నాం, ఒప్పుకోలేదు, ఎందుకంటే ఇదీ కారణం. ఒక్కటీ వదలకూడదు. ఐపీసీసీ ఆరో నివేదిక మొదటి భాగానికి 78 వేల వ్యాఖ్యలు వచ్చాయి, రచయితలు 234 మంది. మాది అంత పెద్ద పని కాకపోయినా ఎక్సెల్ షీటు తెరిచినప్పుడు టెన్షన్ వచ్చిన మాట వాస్తవం. వ్యాఖ్యల్లో రకాలుంటాయి. కామా సరిచేసేవాళ్ళు ఉంటారు. తన పత్రం ఎందుకు ప్రస్తావించలేదని నాలుగు చోట్ల నాలుగు రకాలుగా అడిగేవాళ్ళు ఉంటారు. సిఫార్సులు ఎందుకు లేవని అడిగేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకు ఎప్పుడూ ఒకటే జవాబు: ఏం చేయాలో చెప్పడం ఈ నివేదిక పని కాదు, ఏది చేస్తే ఏమవుతుందో చెప్పడం వరకే. ఈ నియమం మంచిదే గానీ, చదివేవాళ్ళకు చప్పగా ఉంటుంది.

2025 ఏప్రిల్‌లో అమెరికా నుంచి వార్త వచ్చింది. అక్కడ 1990 నాటి చట్టం ప్రకారం నాలుగేళ్ళకోసారి జాతీయ వాతావరణ మదింపు జరగాలి. ఐదోది 2023లో వచ్చింది. ఆరోదానికి పనిచేస్తున్న దాదాపు 400 మంది రచయితలను ఒక్క మెయిల్‌తో విధుల నుంచి తప్పించేశారు. ఆ వారం మా మీటింగులో పంటల గురించి మాట్లాడింది తక్కువ. చట్టం ఉన్న చోటే ఇలా అయితే, ఇన్నేళ్ళకోసారి చేసి తీరాలనే చట్టమే లేని మన సంగతేమిటని రూర్కీ ఆవిడ అడిగింది. హైదరాబాద్ తమ్ముడు తర్వాత ఫోన్ చేసి, "అక్కా, మనం జీతం లేకుండా చేస్తున్నాం, తీసేయడానికి ఏముంది" అని నవ్వాడు. కొన్ని రోజులకే అక్కడి రెండు శాస్త్ర సంఘాలు, భూభౌతిక శాస్త్రవేత్తలదీ వాతావరణ శాస్త్రవేత్తలదీ, ఆ పరిశోధనలను తమ జర్నళ్ళలో వేస్తామని ముందుకొచ్చాయి.

మా షీటులో ఇప్పుడు మిగిలినవి కష్టమైన వ్యాఖ్యలే. ఒకటి రాత్రి ఉష్ణోగ్రత గురించి. దాళ్వా వరి మీద మేం రాసిన వాక్యానికి ఒక సమీక్షకుడు, ఎవరో తెలియదు, ఇలా అడిగాడు: ఫిలిప్పీన్స్‌లో ఒక క్షేత్రం, గుంటూరు దగ్గర ఇంకో క్షేత్రం, ఈ రెండో దాని పక్కన కట్టడాలు వచ్చాయని మీరే రాశారు, మరి డెల్టా అంతటికీ ఎలా చెబుతారు? మంచి ప్రశ్న. థర్మామీటర్ల పెట్టె జరిపిన ఏడాదికి ముందూ వెనకా విడదీసి లెక్క చూశాం. కట్టడాలు రాకముందు కూడా రాత్రుల వేడి పెరుగుతున్న ధోరణి ఉంది, కాకపోతే చిన్నది. ఆ మాటే జవాబులో రాశాను. వాక్యం ఉంటుంది, దాని పక్కన నమ్మకం స్థాయి "మధ్యస్థం" నుంచి "తక్కువ"కు దిగుతుంది. ఆధారం ఎంతుంది, ఉన్న పత్రాలు ఒకదానితో ఒకటి ఎంత ఏకీభవిస్తున్నాయి, ఈ రెండూ చూసే ఆ స్థాయి వేస్తారు. మాకు రెండూ బలహీనమే.

రెండోది మిర్చి వాక్యం మీద. ఆధారం క్షేత్ర రికార్డులే కాబట్టి తీసేయమని ఒక వ్యాఖ్య. హైదరాబాద్ తమ్ముడు కూడా తీసేద్దామనే అంటున్నాడు. తక్కువ నమ్మకం ఉన్న వాక్యాలు ఎక్కువైతే అధ్యాయం మొత్తం పలచబడుతుందని అతని వాదన. తీసేస్తే, గుంటూరు మిర్చి గురించి ఏ పరిశోధనా లేదని చెప్పే మూడో వాక్యం ఒక్కటే మిగులుతుంది, అది ఒంటరిగా చదివితే ఇక్కడ ఏ సమస్యా లేదన్నట్టు ఉంటుందని నా వాదన. రిజిస్టర్లలో 1990ల భాగం ఎక్కించడం ఇంకా పూర్తికాలేదు, విద్యార్థులకు పరీక్షలు. ఉన్నంతవరకు పట్టిక చేసి నిన్న అందరికీ పంపాను. గురువారం మీటింగులో తేలుస్తామన్నారు.